ఆలస్యానికి కారణం

జూన్ 9, సోమవారం. కామారెడ్డి.

మానవ శరీరమందలి ప్రతి కణములోను ఏ జన్యువు ఎప్పుడు మేలుకొనవలెనో, ఏది ఎప్పుడు నిద్రించవలెనో ఉత్తర్వులు జారీచేయు గౌరవనీయ అధికారుల సముఖమునకు:

తమ పేర్లు, హోదాలు నాకు తెలియవు. తమ కార్యాలయాలలో ఒకటి మా అక్క ఎడమ దవడ లోపలి వైపున ఉన్నదని మాత్రం ఈ రోజు అందిన నివేదిక వల్ల తెలిసింది. తమరు అక్కడ కొంతకాలంగా విధులకు హాజరు కావడం లేదు, లేదా హాజరై తప్పుడు ఉత్తర్వులు ఇస్తున్నారు. ఇరవై రెండేళ్లలో జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు దాకా ఎదిగిన నాకు ఈ రెండింటికీ గల తేడా తెలుసు. ఈ వినతి ఎక్కడా దాఖలు కాదు, ఈ డైరీలోనే ఉంటుంది. చదివే అధికారి లేని కాగితాలు రాయడం నాకు అలవాటే.

రోగి వివరాలు. పేరు దుర్గవ్వ. వయస్సు యాభై ఆరు. నివాసం ఎల్లారెడ్డి. వృత్తి, పన్నెండో ఏట నుంచి బీడీలు చుట్టడం. ఆకలి తెలియకుండా, కునుకు రాకుండా దవడలో చిటికెడు తంబాకు పెట్టుకోవడం ఆ వృత్తిలో భాగం. భర్త లేడు, పిల్లలు లేరు, నేనున్నాను. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. అక్క చుట్టిన బీడీల మీద నేను యూనివర్సిటీలో తెలుగు ఎమ్మే చదివాను. ఈ సంగతి సాహిత్య సభల వేదికల మీద చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా చప్పట్లు వచ్చాయి.

నివేదికలో 'అగ్రెసివ్' అనే మాట ఉంది. నిఘంటువు దూకుడు అంటున్నది. మా వంశంలో ఇదివరకు ఎవరికీ లేని లక్షణం.

ఊళ్లో దీన్ని రాచపుండు అంటారు. రాజ్యం పోయినా పుండు హోదాను మాత్రం ఎవరూ రద్దు చేయలేదు.

జూన్ 10, మంగళవారం.

ఆఫీసుకు వెళ్లాను. పద్నాలుగు ఫైళ్లు పరిష్కరించాను.

జూన్ 12, గురువారం. హైదరాబాదు నుంచి తిరుగు రైలులో.

పెద్దాసుపత్రిలో నమోదు జరిగింది. కౌంటరు వద్ద ఉద్యోగినికీ నాకూ మధ్య నడిచిన చిన్న సంభాషణ ఈ డైరీలో చేర్చదగినంత ముఖ్యమైనది కాదు.

డాక్టరు పేరు వినీత. ముప్పై ఏళ్లుండవచ్చు. టార్చి పట్టుకొని, "నోరు తెరువు అవ్వా" అన్నది.

అక్క తెరిచింది.

"ఇంకొంచెం."

"గింతే తెరుస్తది బిడ్డా. ముద్ద పోనీకి కష్టం గాని, మాట్లాడనీకి సాలు."

"ఎన్ని రోజుల సంది ఇట్ల?"

అక్క నా వైపు చూసింది. నేను నమోదు చీటీ వైపు చూశాను. "చలికాలం సంది" అన్నది అక్క. డాక్టరు రాసుకున్నది.

తరువాత నన్ను పక్కకు పిలిచి వివరించింది. కణంలో కాపలా జన్యువు ఒకటి ఉంటుందట. కణం అడ్డూ అదుపూ లేకుండా పెరగబోతే ఆపడం దాని విధి. అక్క పుండు నుంచి పరీక్షకు తీసిన ముక్కలో దాని పని కనబడడం లేదు.

"చెడిపోయిందా?" అని అడిగాను.

"చెడిపోవచ్చు. కాని ఇట్లాంటి దూకుడు గడ్డల్ల చాలాసార్లు అది మంచిగనే ఉంటది సార్. అక్షరం కూడ మారదు. చదవకుండ మూసేసి ఉంటది. అందుకే మేం స్టడీ చేస్తున్నం."

"ఎవరు మూస్తారు?"

"అట్ల ఎవరో ఒకరు ఉండరు సార్."

ఈ సమాధానం నాకు మా ఆఫీసులోనూ చాలాసార్లు వచ్చింది. నేను గ్రహించినది ఇది: ఫైలు పోలేదు. పుట చిరగలేదు. ప్రతి కణంలో ఆ ఫైలు క్షేమంగా బీరువాలో ఉంది. దాని మీద 'తెరవరాదు' అని చిన్న ముద్ర పడింది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ కొత్త కణానికి ఫైలుతో పాటు ముద్రనూ నకలు తీసి ఇస్తున్నారు.

అది ఒక సగం. రెండో సగం ఇంకా ఘోరం. తల్లి గర్భంలో ఉన్నప్పుడు కణాలు ఒక చోటు నుంచి మరో చోటుకు కదలడానికి కొన్ని జన్యువులు తోడ్పడతాయట. అంటే బదిలీ ఉత్తర్వులు. పుట్టాక వాటిని మూసి ఉంచాలి. దూకుడు గడ్డలలో వాటిని మళ్లీ తెరుస్తారు. యాభై ఆరేళ్ల క్రితం కాలం చెల్లిన ఉత్తర్వుల మీద అక్క దవడలోని కణాలు మెడకు బదిలీ అయ్యాయి. మెడలో ఇప్పుడు నిమ్మకాయంత గడ్డ ఉంది.

తెరవవలసినది మూశారు, మూయవలసినది తెరిచారు. ఇంతకు మించి ఏ నేరమూ జరగలేదు.

24వ తేదీన స్కాను. మెడలోని గడ్డ పెద్ద రక్తనాళాన్ని చుట్టుకోకుండా ఉంటే ఆపరేషను చేస్తారు. దవడ కొంత తీసి, ఛాతీ కండ తెచ్చి అతుకుతారు. చుట్టుకొని ఉంటే చేయరు. అప్పటిదాకా ఏమీ రాయకూడదని నిర్ణయించాను.

జూన్ 13, శుక్రవారం.

నిర్ణయం సడలించడమైనది.

పక్క సీటు కలీమ్ భాయ్ నమాజు నుంచి వచ్చి, "ఆపా ఎట్లున్నది?" అని అడిగాడు.

"ప్రక్రియలో ఉంది."

"ప్రక్రియల ఉంది అంటె ఏంది భాయ్? ఆమె మనిషా, ఫైలా?"

జవాబు చెప్పలేదు. ప్రశ్న లిఖితపూర్వకంగా రాలేదు.

జూన్ 15, ఆదివారం. ఎల్లారెడ్డి.

కామారెడ్డి బస్సు దిగి వెళ్లేసరికి అక్క గడపలో కూర్చొని, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. పక్కన భూదవ్వ. ఇద్దరూ నలభై ఏళ్లుగా ఒకే గడపలో కూర్చుంటున్నారు.

"ఇంకా చుడుతున్నావా?" అన్నాను.

"నోటితోని సుడుతున్ననా తమ్మీ? చేతులు మంచిగనే ఉన్నయి గదా."

డాక్టరు చెప్పినదంతా చెప్పాను. బీరువా, ఫైలు, ముద్ర, బదిలీ. విశ్వవిద్యాలయంలో నేర్చిన సరళ వచనంలో చెప్పాను. భూదవ్వ శ్రద్ధగా విని, "జీన్లంటివా? పోరగాండ్లు గా జీన్సు ప్యాంట్లు ఏసినప్పుడే అన్న నేను, గిట్లాంటి రోగాలు వస్తయని" అన్నది.

"ఆ జీన్లు కావు భూదవ్వా."

"ఏ జీన్లయితెంది, దుర్గవ్వ ఎన్నడన్న ఏసిందా?"

అక్క నవ్వబోయి దవడ పట్టుకున్నది. నొప్పి తగ్గాక, చుట్టిన బీడీ ఒకటి తీసి నా కళ్ల ముందు పెట్టింది.

"బీరువాలు గీరువాలు నాకు తెల్వయి గాని, గిది సూడు. ఆకు గదే, తంబాకు గదే, దారం గదే. గట్టిగ సుడితె ఎంత గుంజినా పొగ రాదు. వదులుగ సుట్టినవనుకో, అంటుకున్నదంటె ఆగది. సరుకుల తప్పు లేదు, సుట్టుడుల ఉన్నది. గంతేనా, గా డాక్టరు చెప్పింది?"

"దాదాపు అంతే" అన్నాను.

"మరి లోపట చెకర్ లేడా? కార్ఖానల చెకర్ ఉంటడు గదా, పాడువి తీసి పక్కకు పడేస్తడు."

"ఆ చెకర్ నోరే మూశారట."

"చెకర్లు అంత గంతేనవ్వా" అన్నది భూదవ్వ. "మంచియి పారేస్తరు, పాడువి పాసు చేస్తరు."

వచ్చేటప్పుడు అక్క బస్సు దాకా వచ్చింది. మెడకు కొంగు చుట్టుకున్నది. గడ్డ నిమ్మకాయంత లేదు. అంతకంటే పెద్దది.

జూన్ 17, మంగళవారం.

ఆఫీసు. ఫైళ్లు పదకొండు.

నా భార్య అరుణజ్యోతి అక్క విషయమై నన్ను ఏమీ అనడం లేదు. మార్చిలో ఒకసారి అన్నది. ఆ మాట రికార్డులో లేదు.

జూన్ 19, గురువారం.

జాప్యానికి సంబంధించి వాస్తవాల నివేదిక. స్వయంగా, ఎవరూ కోరకుండా సమర్పించడమైనది.

ఫిబ్రవరి 23, ఆదివారం. అక్క నోరు తెరిచి లోపల తెల్లని మచ్చ, దాని నడుమ పుండు చూపించింది. సెనగ గింజంత. "వేడి చేసిందేమో" అన్నాను. "వేడి చేస్తె రెండు నెలలు ఉంటదా?" అన్నది. పెద్దాసుపత్రికి పోదామన్నాను. కాగితాలు తెమ్మన్నాను. ఆధార్‌లో దుర్గవ్వ అని ఉంది. ఆరోగ్య కార్డులో దుర్గమ్మ అని ఉంది.

లోపం ఉన్న ఫైలు పైకి పంపకూడదు. పంపితే పైవారు వెనక్కి పంపుతారు, అప్పుడు రెట్టింపు ఆలస్యం. ఇది ఇరవై రెండేళ్ల అనుభవం. మార్చి 5న పేరు సవరణకు దరఖాస్తు పెట్టించాను. ఏప్రిల్ 15న సవరించిన కార్డు చేతికి వచ్చింది. నలభై ఒక్క రోజులు. ఏ కార్యాలయమూ దోషి కాదు, అందరూ గడువులోపలే పనిచేశారు. మధ్యలో రెండుసార్లు అక్క ఫోను చేసి, "నొప్పి లేస్తుంది తమ్మీ, పోదమా?" అని అడిగింది. "కార్డు రానీ అక్కా" అన్నాను. తరువాత కామారెడ్డి క్లినిక్కులు, సెలవులు, ముక్క పరీక్ష. వాటి వేగంతో అవి నడిచాయి.

ఇప్పుడు 12వ తేదీ కౌంటరు సంభాషణ. ఉద్యోగిని పేరు అస్మా అని బ్యాడ్జి మీద ఉంది. నేను సవరించిన కార్డును, పాత కార్డు నకలును, సవరణ ఉత్తర్వును వరుసగా క్లిప్పు పెట్టి ఇచ్చాను.

"ఇవన్ని ఎందుకు సార్?" అన్నది ఆమె.

"పేరులో తేడా ఉండేది. సరిచేయించాం."

"అయ్యో, పేరుల తేడాకు ఏం కాదు సార్. నంబర్ తోనే ఎక్కుతది. తేడా ఉంటె ఇక్కడనే ఒక కాయితం మీద రాసిస్తె అయిపోతది. రోజుకు పది మంది వస్తరు అట్ల."

"ఈ పద్ధతి కొత్తగా వచ్చిందా?"

"లేదు సార్. ఎప్పటి సందో ఇట్లనే."

ఆమె మర్యాదగానే చెప్పింది. కుర్చీ కూడా చూపించింది.

జూన్ 20, శుక్రవారం.

ఎప్పటి నుంచో.

జూన్ 24, మంగళవారం. హైదరాబాదు.

చుట్టుకుంది.

తెరమీద డాక్టరు వినీత వేలితో చూపించింది. నల్లటి గుండ్రం రక్తనాళం. దాని చుట్టూ బూడిద రంగు. ఆ రంగుకు నాళానికి మధ్య ఉండవలసిన సన్నని గీత మూడు వైపులా లేదు.

"ఇప్పుడు కోస్తే అవ్వ టేబుల్ మీదనే..." అని ఆగింది. "ముందు మందు ఎక్కిస్తం. గడ్డ కుదించుకపోతె మళ్ల స్కాన్ చేసి చూస్తం. నాళం వదిలితె కోస్తం."

"వదలకపోతే?"

"రేడియేషన్ కరెంటు పెడతం. మందు పెడతం. నొప్పి లేకుండ చూస్తం."

"ముందే వచ్చి ఉంటే?"

ఆమె నా ముఖం చూసి, చూపు తెరమీదికి తిప్పుకున్నది. "ఇది అసలే దూకుడు గడ్డ సార్. ముందొచ్చినా ఎట్లుండేదో చెప్పలేం. దవడ వరకే ఉన్నప్పుడయితె కోసేటోళ్లం."

ఈ జవాబులో రెండు వాక్యాలున్నాయి. మొదటిది నాకు అనుకూలం. రైల్లో కామారెడ్డి వచ్చేదాకా మొదటి వాక్యాన్నే చదువుకుంటూ కూర్చున్నాను. అక్క కిటికీ పక్కన నిద్రపోయింది.

జూన్ 26, గురువారం. హైదరాబాదు.

మందు ఎక్కించే ముందు పరీక్షలు. వాటితో పాటు స్టడీ ఫారం. అక్క గడ్డలోంచి మరో ముక్క తీసుకుంటారు. ఏ జన్యువులను మూశారు, ఏవి తెరిచారు, ఆ ముద్రలను చెరిపే మందులు ముందుముందు పనిచేస్తాయా అన్నది చూస్తారు.

"గిది నన్ను బాగు చేస్తదా?" అని అడిగింది అక్క.

"లేదు అవ్వా" అన్నది డాక్టరు వినీత. "నీకు కాదు. రేపు వచ్చేటోళ్లకు పనికి రావొచ్చు. ఇయ్యకున్నా నీ ట్రీట్‌మెంటు ఆగది."

"ఎవలకో ఒకలకు పనికొస్తె తీస్కో. నా దగ్గర పెట్టుకొని ఏంజేస్త?"

నేను అక్క బీడీల సంగతి డాక్టరుకు చెప్పాను. గట్టి చుట్టుడు, వదులు చుట్టుడు. ఆమె పెన్ను కింద పెట్టింది. "నిజంగనే అట్లనే ఉంటది సార్. దారమంత సన్నగ, చిన్నచిన్న ఉండల చుట్టూ చుట్టుకొని ఉంటది. గట్టిగ చుట్టుకున్న చోట చదవరాదు. మాకు గిది ఏడాదంత చెప్పిండ్రు అవ్వా."

"ఏడాదెందుకు బిడ్డా? ఒక్కపూట నా పక్కన కూసుంటె అయిపోయేది."

ఫారం తెలుగులో ఉంది. అనువదించినవారు జన్యువులు పనిచేయడాన్ని 'జన్యువుల భావప్రకటన' అన్నారు. ఆ స్వేచ్ఛ చివరికి వాటికైనా దక్కినందుకు సంతోషించాను. అక్క చదవలేదు గనుక ఫారం నేనే నింపాను. నా చేతిరాత బాగుంటుంది.

తొమ్మిదో గడి: ఆలస్యానికి కారణం. కింద నాలుగు ఎంపికలు. రోగి నిర్లక్ష్యం. కుటుంబ కారణాలు. దూరం. ఇతరం.

డాక్టరు చదివి అడిగింది. "అవ్వా, చలికాలం సందే పుండు ఉన్నదంటివి గదా. ఇంత లేటు ఎందుకైంది?"

నేను పెన్ను పట్టుకొని ఉన్నాను.

"నేనే పట్టించుకోలె బిడ్డా" అన్నది అక్క. "బీడీల పనిల వడి."

రోగి తన వాంగ్మూలాన్ని స్వచ్ఛందంగా ఇచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు. మొదటి ఎంపికకు టిక్కు పెట్టాను. కింద 'పై వివరాలు వాస్తవమని ధ్రువీకరిస్తున్నాను' అన్న చోట అక్క వేలిముద్ర వేయించాను.

జూన్ 27, శుక్రవారం.

సెలవు పెట్టాను. కారణం అన్న చోట 'స్వంత పని' అని రాశాను.

జూన్ 29, ఆదివారం. ఎల్లారెడ్డి.

చాట గోడకు ఆనించి ఉంది. అక్క ఈ రోజు చుట్టడం లేదు. భూదవ్వ జావ కాచి తెచ్చి, గిన్నె అక్క ముందు పెట్టి, "మొత్తం తాగకుంటె రేపటి సంది రాను. ఎవలతోని కొట్లాడుతవో సూస్త" అని బెదిరించి వెళ్లింది.

నేను చెప్పాను. ఇంతకాలం ఎంతో జాగ్రత్తగా కూర్చుకున్న వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు.

"అక్కా, ఆ పేరు దిద్దించే పని అసలు అవసరమే లేకుండె."

ఆమె జావ గిన్నె దించింది. "నాకు ఎరుకే."

"ఎట్ల?"

"గా కౌంటర్ పిల్ల చెప్తుంటె నీ పక్కనే ఉంటి గదా. నోరు మూసుకపోయింది గాని, చెవులు మూసుకపోలే."

పదిహేడు రోజులుగా ఆమెకు తెలుసు.

"మరి నన్ను ఏమనలేదేంది?"

"ఏమంట? నువ్వు ఆగుమన్నవు, నేను ఆగిన. నాకు గూడ భయముండె తమ్మీ. కోస్తరు, పండ్లు వీకుతరు అనుకుంటుండె. నువ్వు ఆగుమన్నప్పుడు పానం నిమ్మలమైంది. ఇద్దరం కల్సే ఆగినం."

"నువ్వు రెండుసార్లు ఫోన్ చేసినవు."

"చేసిన." ఆమె జావ మీద వాలబోయిన ఈగను తోలింది. "గది గూడ నిజమే."

"ఫారం మీద నేనే అని ఎందుకు చెప్పినవు?"

"నువ్వు రాస్తుంటివి గదరా. గా పిల్ల ముంగట, నీ చేతితోని నీ పేరు నువ్వే రాసుకుంటవా?"

నేను రాసుకోలేదు. అది ఆమెకు ముందే తెలుసు. ఆరేళ్ల వయసు నుంచి నన్ను పెంచిన మనిషి.

జావ సగం తాగింది. మిగిలినది నన్ను తాగమన్నది, భూదవ్వకు జవాబు చెప్పాలి గనుక. తాగాను.

జూలై 1, మంగళవారం.

తొమ్మిదో గడి సవరణకు చిత్తుప్రతి 1. అధిక విశేషణాలు. కొట్టివేశాను.

జూలై 3, గురువారం.

చిత్తుప్రతి 4. 'అనివార్య పరిపాలనా కారణాల వలన' అని వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు. చెయ్యి తనంతట తాను రాసింది. కొట్టివేశాను.

కలీమ్ భాయ్ నా భుజం మీదుగా చదివాడు. టీ తెప్పించాడు.

జూలై 7, సోమవారం. హైదరాబాదు.

ఉదయం పదింటికి మొదటి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అక్క చేతికి సూది ఉంది. నేను పక్కన కూర్చొని కాగితం తీశాను.

"ఏందిరా, గిది గూడ అప్లికేషనేనా?" అన్నది.

చదివి వినిపించాను. కళ్లు మూసుకొని విన్నది. మధ్యలో ఒకసారి, "గంత పెద్ద మాటలు ఎందుకు?" అన్నది. చివరికి, "ఇయ్యాల్నంటవా?" అని అడిగింది.

"ఇయ్యాలె."

"అయితె ఇయ్యి. నా పేరు దుర్గవ్వ అనే రాసినవు గదా?"

"అవ్వ అనే రాసిన."

డాక్టరు వినీత కాగితం రెండుసార్లు చదివింది. "ఇది దిద్దితె ట్రీట్‌మెంటు ఏం మారది సార్."

"స్టడీకి?"

"స్టడీకి పనికొస్తది. గడ్డ తనంతట తను ఎంత ఉరికింది, మనుషులం ఎంత ఆలస్యం చేసినం, రెండు వేరువేరుగ తెల్వాలె. లేకుంటె అన్నిటికీ జన్యువులనే అంటం." సంతకానికి పెన్ను తీసి, "మీరు ఇది ఇయ్యకుంటె నాకు ఎప్పటికీ తెల్వకపోయేది" అన్నది.

"అవును, తెలియకపోయేది."

ఆమె తేదీ వేసి, తీసుకున్నట్టు సంతకం చేసింది. నకలు ఈ డైరీలో చేర్చుతున్నాను. దవడలోని అధికారులకు వేరుగా ప్రతి పంపడం లేదు. వారి మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. కాని తెరవవలసిన కాగితాన్ని మూసి ఉంచినవారి జాబితాలో నా పేరు వారి పేర్ల కంటే పైన ఉండాలి.

విషయము: 26-6-2025 నాటి ఫారము, తొమ్మిదవ గడి, సవరణ కొరకు.

దిగువ సంతకము చేసిన నేను, భీమరి రాజయ్య, సీనియర్ అసిస్టెంటు, కామారెడ్డి, రోగి దుర్గవ్వకు తమ్ముడను, క్రింది డిమాండ్లను లాంఛనముగా దాఖలు చేయుచున్నాను.

1. సదరు గడిలో 'రోగి నిర్లక్ష్యం' అను చోట నేను పెట్టిన గుర్తును కొట్టివేసి, 'రోగి రెండు పర్యాయములు అడిగినను తమ్ముడు నలువది యొక్క దినములు ఆపినాడు' అని వ్రాసి, నా పేరు చేర్చవలెను.

2. ఈ సవరణ పూర్తియగు వరకు ఆమె చికిత్సను ఒక్క గంటయైనను ఆపరాదు.